నేరం చమురుదా?

పూర్వపు సోవియట్ రిపబ్లిక్కుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన వాళ్లలో రెండు రకాల మిత్రులను చూస్తున్నాను. మొదటి రకం వాళ్లు సామాజిక శాస్త్రాలు బాగా చదువుకున్నవాళ్లు. అజర్‌బైజాన్‌ను ఒకే కుటుంబం ఎందుకు ఏలుతున్నదని అడిగితే, కజకస్తాన్‌లో ఒక్క మనిషి దాదాపు ముప్ఫై ఏళ్లు గద్దె ఎందుకు దిగలేదని అడిగితే, "చమురు శాపం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రెండో రకం వాళ్లకు ఆ నేల మీద పాత మమకారం వుంది. అక్కడ కార్మికులు వీధిలోకి వచ్చారని వినగానే వాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న "ఎందుకు వచ్చారు?" అని కాదు, "వెనక ఎవరున్నారు?" అని. మొదటివాళ్లు నేరాన్ని భూమి అడుగున వున్న ద్రవపదార్థం మీదికి నెడతారు. రెండోవాళ్లు దెబ్బ తిన్నవాడి మీదికే నెడతారు. నేరం చేసినవాడు మాత్రం ఇద్దరి చేతుల్లోంచీ జారిపోతాడు.

నేను చాలాకాలం రెండో రకంలోనే వున్నాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పవలసింది సూటిగా చెప్పవచ్చు.

ముందు మొదటి వాదాన్ని తీసుకుందాం. దానిలో బలం లేదనను. ప్రజల మీద పన్నులు వేసి బతికే ప్రభుత్వాన్ని ప్రజలు ఎప్పుడో ఒకప్పుడు లెక్క అడుగుతారు. చమురు అమ్ముకుని బతికే ప్రభుత్వానికి ప్రజల పన్నుతో పెద్ద పని లేదు. ఆ డబ్బుతో పోలీసును పోషించుకోవచ్చు, కొందరికి ఉద్యోగాలిచ్చి నోరు మూయించవచ్చు, రాజధానిలో గాజుమేడలు కట్టి తక్కినవాళ్ల కళ్లు మిరుమిట్లు గొలపవచ్చు. 1970లో హొస్సేన్ మహదవీ తన దేశమైన ఇరాన్‌ను చూసి ఈ వాదానికి పునాది వేశాడు. 2001లో అమెరికన్ ఆచార్యుడు మైకేల్ రాస్ అనేక దేశాల లెక్కలు తీసి దానికి అంకెల బలం చేకూర్చాడు. ఇది చదవతగ్గదే.

అయితే శాపం అనే మాటలోనే మోసం వుంది. మన పురాణాల్లో సైతం శాపం దానంతట అది తగలదు, ఇచ్చిన ఋషి పేరు చెబుతారు, ఎందుకిచ్చాడో చెబుతారు. ఈ శాస్త్రజ్ఞులు శాపం గురించి చెబుతారు గాని ఋషి ఊసెత్తరు. చమురు చేతులున్న ప్రాణి కాదు. అది రాజ్యాంగం సవరించదు, పత్రికలు మూయించదు, సమ్మె మీద తుపాకీ పేల్చదు.

పైపెచ్చు కాలక్రమం చూసినా ఈ వాదం తలకిందులుగా వుంది. ఎల్‌త్సిన్ మాస్కోలో పార్లమెంటు భవనం మీద టాంకులతో కాల్పులు జరిపించింది 1993 అక్టోబరు 4న. అధ్యక్షుడికి అపరిమితమైన అధికారాలిచ్చే రాజ్యాంగం వచ్చింది ఆ డిసెంబరులోనే. ఆనాడు పీపా చమురు ధర 20 డాలర్లు కూడా లేదు. నజర్‌బాయెవ్ 1995 మార్చిలో కజక్ పార్లమెంటును పక్కకు నెట్టి శాసనాలు తానే చేశాడు. ఏప్రిల్‌లో ఎన్నికకు బదులు ప్రజాభిప్రాయ సేకరణ జరిపి తన పదవీకాలం పొడిగించుకున్నాడు. ఆగస్టులో కొత్త రాజ్యాంగం తెచ్చుకున్నాడు. తెంగిజ్ చమురును నల్లసముద్రానికి చేర్చే పెద్ద పైపులైను పారింది 2001లో. అజర్‌బైజాన్‌లో హైదర్ అలియెవ్ గద్దెనెక్కింది 1993లో. బాకూ నుంచి తుర్కియేలోని జైహాన్ రేవుకు 1,768 కిలోమీటర్ల పైపులైను పూర్తయి అసలు డబ్బు రావడం మొదలుపెట్టింది 2005 తర్వాత. అంటే గద్దె ముందు, డబ్బు తర్వాత. చమురు డబ్బు నిరంకుశత్వాన్ని కనలేదు. అప్పటికే పుట్టి ఉగ్గుపాల కోసం ఏడుస్తున్న నిరంకుశత్వానికి పాలు పోసింది.

చమురు లేనిచోట సంగతి ఏమిటి? తజికిస్తాన్‌లో చెప్పుకోదగిన చమురు లేదు. అక్కడ రహ్మాన్ 1992 నుంచీ పాలిస్తున్నాడు. 2020లో కొడుకును ఎగువసభకు అధ్యక్షుణ్ణి చేశాడు. చమురు వున్నచోట మరి? నార్వేలో 1969లో చమురు పడింది. అయినా అక్కడ ఏ కుటుంబమూ దేశాన్ని దస్తావేజు రాయించుకోలేదు. కారణం నార్వే వాళ్ల రక్తంలో లేదు, చమురు పడేనాటికే అక్కడ బలమైన కార్మికసంఘాలూ, లెక్క అడిగే పార్లమెంటూ, నోరున్న పత్రికలూ వున్నాయి. కాబట్టి అడగవలసిన ప్రశ్న చమురు వున్నదా లేదా అని కాదు. చమురు పడిననాడు శ్రామికజనం సంఘటితంగా వున్నారా, చెల్లాచెదరుగా వున్నారా అని.

దీనికి బాకూయే సాక్ష్యం. 1900 ప్రాంతంలో ప్రపంచపు చమురులో దాదాపు సగం బాకూలో పడేది. నోబెల్ సోదరులూ రాత్‌షైల్డులూ అక్కడ కోట్లు గడించారు. పైన జారు నిరంకుశ పాలన వుండేది. శాపవాదం ప్రకారం అక్కడ నోరెత్తేవాడు వుండకూడదు. కాని 1904 డిసెంబరులో బాకూ చమురు కార్మికులు సార్వత్రిక సమ్మె చేసి యజమానుల చేత సమష్టి ఒప్పందం రాయించుకున్నారు. రష్యా సామ్రాజ్యంలో అటువంటి ఒప్పందం అదే మొదటిది. కార్మికులు దానికి "చమురు రాజ్యాంగం" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. అదే చమురు, అదే వూరు, అదే కాస్పియన్ గాలి.

దాదాపు 90 ఏళ్లకు, 1994 సెప్టెంబరు 20న, బాకూలో మరొక ఒప్పందం జరిగింది. దాన్ని "శతాబ్దపు ఒప్పందం" అన్నారు. బ్రిటిష్ పెట్రోలియం, ఆమోకో మొదలైన 11 విదేశీ, స్వదేశీ కంపెనీలు ఒకవైపు, హైదర్ అలియెవ్ ప్రభుత్వం మరొకవైపు. ఇందులో కార్మికుడి సంతకం లేదు. ఈ రెండు ఒప్పందాల మధ్య ఏమి జరిగిందో చెప్పలేని సిద్ధాంతం ఎంత పెద్ద పుస్తకంలో వున్నా సగం సిద్ధాంతమే.

ఏమి జరిగింది? ఇక్కడే మనకు, అంటే వామపక్షీయులకు, గొంతు పెగలదు.

హైదర్ అలియెవ్ ఎక్కడినుంచి వూడిపడ్డాడు? 1967 నుంచీ అజర్‌బైజాన్ కెజిబికి అధిపతి. 1969 నుంచి 1982 దాకా అక్కడి కమ్యూనిస్టు పార్టీకి మొదటి కార్యదర్శి. 1982లో మాస్కోలో పొలిట్‌బ్యూరో సభ్యుడు. నజర్‌బాయెవ్ తెమిర్‌తావు ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసి పార్టీలో పైకి వచ్చిన మనిషి, 1989లో కజక్ పార్టీ మొదటి కార్యదర్శి. తుర్క్‌మెనిస్తాన్‌లో బంగారు విగ్రహాలు పెట్టించుకుని, నెలల పేర్లు సైతం మార్చిన నియాజొవ్ 1985 నుంచీ అక్కడి పార్టీ మొదటి కార్యదర్శి. ఒకరు కాదు, ముగ్గురికి ముగ్గురూ. వీళ్లను అమెరికా విమానంలో తెచ్చి దించలేదు. వీళ్లు మన పత్రికలు ఒకప్పుడు ఫొటోలు వేసిన వాళ్లే. ఆ రోజుల్లో "సోవియట్ భూమి" నిగనిగలాడే పుటల్లో బాకూ సముద్రపు బావుల బొమ్మలు చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ చమురు ప్రజలది అన్నారు. అన్నమాట అబద్ధం కాదు, దస్తావేజు ప్రజల పేరనే వుంది. తాళంచెవి ఎవరి మొలలో వుండేది? ఎంత తీశారు, ఎవరికి పంపారు, బదులేమొచ్చింది అని అడిగే హక్కు బావి దగ్గర పనిచేసేవాడికి వుండేదా? లేదు. చిట్టా మొదటి కార్యదర్శి దగ్గర, చిట్టా గురించి అడిగినవాడి చిట్టా రహస్యపోలీసు దగ్గర. 1991లో జరిగింది ఏమిటంటే, తాళంచెవి వున్నవాడు దస్తావేజు కూడా తన పేర మార్పించుకున్నాడు. అధికారగణం తన హోదాను సొంత ఆస్తిగా, కొడుకులకిచ్చే ఆస్తిగా మార్చుకోవాలని చూస్తుందని ట్రాట్‌స్కీ 1936లోనే రాశాడు. ఆ పేరు వినగానే మనం చెవులు మూసుకున్నాం. చెవులు మూసుకుంటే పిడుగు ఆగదు.

ఆస్తి కొడుకులకెలా దిగిందో చూడండి. ఇల్హామ్ అలియెవ్ 1994లో ప్రభుత్వ చమురు కంపెనీకి ఉపాధ్యక్షుడు. 2003 ఆగస్టులో ప్రధానమంత్రి, అక్టోబరులో అధ్యక్షుడు, డిసెంబరులో తండ్రి మరణం. 2009లో పదవీకాలాల పరిమితి ఎత్తివేశారు. 2016లో అయిదేళ్ల పదవిని ఏడేళ్లు చేశారు. 2017లో ఆయన భార్య ప్రథమ ఉపాధ్యక్షురాలు. 2013 ఎన్నికల్లో మరీ విడ్డూరం జరిగింది. పోలింగు ఇంకా మొదలు కాకముందే, ముందురోజే, ఎన్నికల సంఘం వారి మొబైలు యాప్‌లో ఫలితాలు వచ్చేశాయి, అలియెవ్‌కు 72 శాతానికి పైగా వోట్లతో. యాప్ తయారుచేసినవాళ్లు అది పరీక్ష కోసం పెట్టిన పాత అంకె అని సర్దిచెప్పారు. అసలు ఫలితంలో అంతకంటే ఎక్కువే, 84 శాతానికి పైగా వచ్చాయి. ఇటువంటి ఆస్తి లెక్కలు అడిగిన పాత్రికేయురాలు ఖదీజా ఇస్మాయిలొవాను 2014లో అరెస్టు చేసి, మరుసటేడు ఏడున్నరేళ్ల శిక్ష వేశారు. లోకమంతా గోల చేస్తే 2016లో విడుదల చేశారు. 2023 నవంబరులో అబ్జస్ మీడియా పాత్రికేయుల వంతు వచ్చింది. తుర్క్‌మెనిస్తాన్‌లో 2022లో తండ్రి దిగి కొడుకును కూర్చోబెట్టాడు. జమీందారీలు రద్దయిన దేశంలో పుట్టిన మనకు ఇది వింతగా వుండాలి. విప్లవం జరిగిన దేశాల్లో జమీందారీలు పుట్టడం అంతకంటే వింత.

అయితే వీళ్లు ఒంటరిగా దోచుకోలేదు. దొంగసొమ్ము దాచేవాడు లేకపోతే దొంగ బతకలేడు. జేమ్స్ గిఫెన్ అనే అమెరికన్ దళారి, చమురు కంపెనీల డబ్బులో 7 కోట్ల డాలర్లకు పైగా కజక్ పెద్దలకు స్విస్ బ్యాంకుల ద్వారా చేరవేశాడని 2003లో న్యూయార్కులో అభియోగం పెట్టారు. ఏడేళ్లు నడిచిన ఆ కేసు 2010లో ఎలా ముగిసిందనుకుంటారు? గిఫెన్ పన్ను పత్రంలో ఒక చిన్న తప్పు ఒప్పుకున్నాడు. ఆయన కంపెనీ రెండు మంచుబళ్లు లంచమిచ్చినట్టు ఒప్పుకున్నది. జైలు లేదు, పైగా న్యాయమూర్తి ఆయన దేశసేవను పొగిడాడు. బాకూ నుంచి 2012–2014 మధ్య 290 కోట్ల డాలర్లు బ్రిటనులో నమోదైన బూటకపు కంపెనీల గుండా, ఒక డేనిష్ బ్యాంకు ఎస్తోనియా శాఖ గుండా ప్రవహించాయని 2017లో బయటపడింది. 2022 జులైలో ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు స్వయంగా బాకూ వెళ్లి, 2027 నాటికి గ్యాసు కొనుగోలు రెట్టింపు చేస్తామని సంతకం చేసి వచ్చింది. 2024 నవంబరులో వాతావరణ మహాసభ అదే బాకూలో జరిగింది. చమురూ గ్యాసూ దేవుడిచ్చిన కానుక అని అలియెవ్ ఆ వేదిక మీదనే అన్నాడు. పొలిట్‌బ్యూరో సభ్యుడి కొడుకు నోట దేవుడి మాట వచ్చిందంటే, ఆస్తికి హక్కుపత్రం అంతకంటే మంచిది దొరకలేదన్నమాట!

ప్రజాస్వామ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పే పశ్చిమదేశాలకు ఈ నిరంకుశులు కంటకం కాలేదు. వాళ్లు మంచి సరుకుదారులు, నమ్మకమైన భాగస్వాములు. కాబట్టి వీళ్లను సామ్రాజ్యవాద వ్యతిరేకులుగా భావించే మన మిత్రులు ఎవరిని సమర్థిస్తున్నట్టు? తెంగిజ్ క్షేత్రంలో సగం వాటా షెవ్రాన్‌ది, పావు వాటా ఎక్సాన్‌ది. ఇది ఏ రకం సామ్రాజ్యవాద వ్యతిరేకత?

ఇక జనావొజెన్ గురించి చెప్పాలి. ఇది పశ్చిమ కజకస్తాన్‌లో, మంగిస్తావు ఎడారిలో, చమురు కోసమే పుట్టిన వూరు. 2011 మే నెలలో అక్కడి ప్రభుత్వ చమురు కంపెనీ కార్మికులు జీతాల కోసమూ, తమ సంఘాన్ని తామే నడుపుకునే హక్కు కోసమూ సమ్మెకు దిగారు. సమ్మె చట్టవిరుద్ధమని కోర్టు చెప్పింది. వందల మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. కార్మికుల తరఫున మాట్లాడిన న్యాయవాదిని జైల్లో పెట్టారు. అయినా వాళ్లు వూరి కూడలిలో ఎండకూ చలికీ నెలల తరబడి కూర్చున్నారు. డిసెంబరు 16 స్వాతంత్ర్యదినం, అప్పటికి సరిగ్గా 20 ఏళ్లు. ఆ రోజున ఆ కూడలిలో వుత్సవానికి వేదికలు వేయబోయారు, గొడవ జరిగింది, పోలీసులు కాల్చారు. పారిపోతున్నవాళ్లను కూడా కాల్చడం వీడియోల్లో కనిపించింది. ప్రభుత్వం ఒప్పుకున్న లెక్క ప్రకారమే ఆ వూళ్లో కనీసం 14 మంది చనిపోయారు. మరుసటేడు 37 మంది మీద విచారణ జరిపి, వాళ్లలో పలువురిని జైలుకు పంపారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారని ముద్దాయిలు కోర్టులోనే చెప్పారు.

ప్రభుత్వ చమురు కంపెనీ తలమీద వున్న జాతీయ ఆస్తుల నిధికి అప్పుడు అధిపతి ఎవరు? అధ్యక్షుడి అల్లుడు తిమూర్ కులిబాయెవ్. కాల్పుల తర్వాత ఆ పదవి పోయింది, ఆస్తి పోలేదు. కేంబ్రిడ్జిలో మాట్లాడేటప్పుడు ఈ కాల్పుల గురించి ఏమనాలో నజర్‌బాయెవ్‌కు వుత్తరం రాసి సలహా చెప్పినవాడు బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్. ఆ వుత్తరం 2014లో బయటికొచ్చింది. చూశారా, మామా అల్లుళ్లూ, లండన్ సలహాదారూ ఒక గట్టున వున్నారు. చమురు తీసేవాడు రెండో గట్టున వున్నాడు. వర్గపోరాటం పుస్తకాల్లో తప్ప ఎక్కడుందని అడిగే విద్యార్థులకు నేను ఈ కూడలినే చూపుతాను.

పదేళ్లు గడిచాయి. 2022 జనవరి 1న బళ్లకు పోసుకునే గ్యాసు ధర లీటరుకు 60 తెంగెల నుంచి 120కి ఎక్కింది. మరునాడు మళ్లీ ఆ జనావొజెన్‌లోనే జనం రోడ్డెక్కారు. గ్యాసు మీద కూర్చున్న వూరికే గ్యాసు కరువైతే రోడ్డెక్కరా? నాలుగు రోజుల్లో దేశమంతా కదిలింది. 162 మంది చేతుల్లో దేశసంపదలో సగానికి పైగా వున్నదని ఒక గణక సంస్థ 2019లో లెక్క తేల్చిన దేశం అది. అధ్యక్షుడు తొకాయెవ్ రష్యా నాయకత్వంలోని కూటమి సైన్యాన్ని పిలిపించాడు. హెచ్చరిక లేకుండా కాల్చమని జనవరి 7న ఉత్తరువిచ్చానని తానే చెప్పాడు. మృతులు 238 మంది అని ప్రభుత్వమే తర్వాత లెక్క చెప్పింది.

ఆ వారంలోనే, ఒక అధ్యయన తరగతి అయిపోయాక, ఒక విద్యార్థిని నన్ను అడిగింది: "మాస్టారూ, గ్యాసు ధర పెరిగిందని వచ్చినవాళ్లు కూడా విదేశీ ఏజెంట్లేనాండీ?" నేను సూటిగా జవాబు చెప్పలేదు. "పరిస్థితి సంక్లిష్టంగా వుందమ్మా, తొందరపడి నిర్ణయానికి రాకూడదు" అన్నాను. ఆ అమ్మాయి తలవూపి వెళ్లిపోయింది. అది పిరికి జవాబు. మన జిల్లాలో ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా పోలీసులు కాల్పులు జరిపితే నేను "పరిస్థితి సంక్లిష్టం" అనే వాణ్ణి కాదు. మన కార్మికుడికి ఒక కొలబద్దా, కజక్ కార్మికుడికి ఇంకొక కొలబద్దా పెట్టాను. అంతర్జాతీయత అంటే అర్థం ఇది కాదు.

మిత్రులు వెంటనే అంటారు: "ఆల్మాటీలో దోపిళ్లు జరగలేదా? తుపాకులతో ముఠాలు దిగలేదా?" జరిగాయి, దిగాయి. నేను దాచను. 20 వేలమంది బందిపోట్లు దాడి చేశారని తొకాయెవ్ అన్నాడు. తీరా చూస్తే కుట్ర చేశాడని ప్రభుత్వమే పట్టుకున్న పెద్దమనిషి ఎవరు? రహస్యపోలీసు సంస్థకు అధిపతిగా వున్న కరీం మాసిమొవ్, మాజీ ప్రధానమంత్రి. 2023లో ఆయనకు దేశద్రోహం కింద 18 ఏళ్ల శిక్ష వేశారు. మనవాళ్లు కుట్రదారు కోసం వాషింగ్టన్‌లో వెదుకుతుంటే ఆయన ఆస్తానాలో ప్రభుత్వకార్లో తిరుగుతున్నాడు. పాలకముఠాలు రెండు ఒకదాన్నొకటి పొడుచుకోవడానికి జనం ఆగ్రహాన్ని వాడుకున్నాయి. అంతమాత్రాన ఆ ఆగ్రహం ముఠాలది అయిపోతుందా? ఇల్లు తగలబడుతుంటే దొంగ దూరాడు గనక మంటలు అబద్ధమంటామా?

ఇంకొక భ్రమ వుంది. ప్రభుత్వం ఆస్తిని వెనక్కి తీసుకుంటే చాలు, సోషలిజం వైపు ఒక అడుగు పడిందని మనం సంబరపడతాం. 2003లో ఖొదొర్కోవ్‌స్కీని జైల్లో పెట్టి, యూకోస్ చమురు కంపెనీ ప్రధాన క్షేత్రాలను 2004లో ప్రభుత్వ కంపెనీ రోస్‌నెఫ్త్‌కు చేర్చినప్పుడు నేనూ సంబరపడ్డాను. 1995 ప్రాంతంలో కారుచౌకగా కొట్టేసిన ఆస్తి అది, పోతే పోనీ అనుకున్నాను. రోస్‌నెఫ్త్ డైరెక్టర్ల బోర్డుకు ఆ ఏడే అధ్యక్షుడైనవాడు క్రెమ్లిన్ కార్యాలయపు పెద్ద సెచిన్ అని చూశాక గాని నా సంబరం దిగలేదు. తాళంచెవి ఒక మొలలోంచి మరో మొలలోకి మారింది. బావి దగ్గరి మనిషి అక్కడే వున్నాడు.

ఇదంతా ఎక్కడో కాస్పియన్ ఒడ్డు గొడవ, మనకెందుకు అనేవాళ్లకు ఒక మాట. మన ప్రభుత్వరంగ సంస్థ ఒఎన్‌జిసి విదేశ్ 2013లో అమెరికన్ కంపెనీ హెస్ వాటా కొని అజర్‌బైజాన్ సముద్రపు చమురులోనూ, జైహాన్ పైపులైనులోనూ చిన్న భాగస్వామి అయింది. నజర్‌బాయెవ్ యువకుడిగా కొలిమి ముందు నిలబడిన తెమిర్‌తావు ఉక్కు కర్మాగారాన్ని 1995లో కొన్నది మన దేశంలో పుట్టిన లక్ష్మీ మిట్టల్. దాని కింద వున్న కొస్తెంకో బొగ్గుగనిలో 2023 అక్టోబరు 28న పేలుడు జరిగి 46 మంది గనికార్మికులు చచ్చిపోయారు. అప్పుడు గాని ప్రభుత్వం కర్మాగారాన్ని మిట్టల్ దగ్గరినుంచి తప్పించలేదు. తప్పించి కార్మికులకు అప్పగించిందా? లేదు, మరొక స్థానిక ప్రైవేటు యజమానికి అప్పగించింది. కాబట్టి మనం ఒడ్డున కూర్చుని చూసేవాళ్లం కాదు. ఆ లాభంలో మన పెట్టుబడికీ వాటా వుంది, ఆ మౌనంలో మన మేధావులకూ వాటా వుంది.

నేను చెప్పదలుచుకున్నది క్లుప్తంగా ఇది. చమురు శాపమూ కాదు, దేవుడి కానుకా కాదు. అది సామాజిక సంపద. దాని చిట్టా చూసే హక్కు, దాన్ని తీసేవాళ్లు తమ సంఘం తాము పెట్టుకునే హక్కు, చిట్టాలో తేడా వస్తే పత్రికలో రాసే హక్కు లేనిచోట అది ప్రజల ఆస్తి అని బోర్డు రాసిపెట్టినంత మాత్రాన ప్రజలది కాదు. ఈ హక్కులను బూర్జువా భ్రమలని మనం ఒకప్పుడు తేలిగ్గా కొట్టిపారేశాం. వాటిని కొట్టిపారేసిన చోటనే కార్యదర్శులు యజమానులయ్యారు. ఆ పాఠం నేర్చుకోవడానికి జనావొజెన్ కార్మికులు తమ ప్రాణాలతో మూల్యం చెల్లించారు. కనీసం ఉచితంగా నేర్చుకునే అవకాశం వున్న మనం నేర్చుకోకపోతే అంతకంటే సిగ్గుచేటు లేదు.

ఆ విద్యార్థినికి నేను ఆనాడు ఇవ్వని జవాబు ఇప్పుడు ఇస్తున్నాను. కాదమ్మా, వాళ్లు ఏజెంట్లు కారు. వాళ్లు మనవాళ్లు.